పీహెచ్‌డీ నాలుగో ఏడు: ఎన్‌ఐడబ్ల్యూ సొంతంగా ఇప్పుడే వేసుకోవాలా, ఈబీ-1ఏ దాకా ఆగాలా?

ఉప్పు_తుప్పు అడిగారు:

అందరికీ నమస్కారం. అమెరికా గ్రీన్‌కార్డు గురించి సలహా కావాలి. ఒహాయోలో సివిల్ ఇంజనీరింగ్ పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాను, ఎం.ఎస్. కూడా ఇక్కడే చేశాను. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వంతెన కాంక్రీటులోకి దిగి లోపలి చువ్వలను తుప్పు పట్టిస్తుంది కదా, ఆ తుప్పు పైకి కనపడకముందే పట్టుకునే సెన్సార్లు నా పని. జర్నల్ పేపర్లు నాలుగు, మూడింట్లో మొదటి పేరు నాదే. సైటేషన్లు (వేరేవాళ్ల పేపర్లలో నా పేపర్ల ప్రస్తావనలు) ఎనభై చిల్లర. జర్నళ్లకి ఇతరుల పేపర్ల రివ్యూలు డజను దాకా చేశాను. రాష్ట్ర రవాణా శాఖ వాళ్లు ఒక వంతెన డెక్‌లో (బండ్లు నడిచే పైపలకలో) మా సెన్సార్లు పెట్టి చూస్తున్నారు. అవార్డులంటారా, డిపార్ట్‌మెంట్‌లో వచ్చిన పోస్టర్ బహుమతి ఒక్కటే.

ల్యాబ్‌లో వేరే దేశాల వాళ్లంతా ఎన్‌ఐడబ్ల్యూ (మన పని అమెరికాకి మేలని చూపించి, జాబ్ ఆఫర్ లేకుండానే ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు కేటగిరీలో సొంతంగా వేసుకునే పిటిషన్) వేసేస్తున్నారు. మనవాళ్లని అడిగితే "ఈబీ-2 ఇండియా ఎలాగూ కదలదు, డబ్బు దండగ" అంటున్నారు. ఈలోగా ఒక ప్రొఫైల్ బిల్డింగ్ కంపెనీ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఏడాదిలో ఈబీ-1ఏకి (అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల గ్రీన్‌కార్డు కేటగిరీకి) రెడీ చేస్తారట: రెండు అవార్డులు, ఒక మెంబర్‌షిప్, ఏదో వెబ్‌సైట్‌లో ఇంటర్వ్యూ. వాళ్లడిగే రేటు నా ఏడాది స్టైపెండ్‌లో సగం ఉంది.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఇప్పుడు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్ ఫారం) వేస్తే వచ్చే ఏడాది ఇండియా వెళ్లినప్పుడు స్టాంపింగ్‌లో (కాన్సులేట్‌లో కొత్త వీసా వేయించుకునేటప్పుడు) ఇరుక్కుంటానా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

---

బఫెలో_బాబు:

నా మాట వినండి, ఎన్‌ఐడబ్ల్యూ జోలికి పోవద్దు. మనకి ఈబీ-2లో వంతు వచ్చేసరికి మన పిల్లలు రిటైర్ అవుతారు. ఆ డబ్బుతో కారు టైర్లు మార్పించుకోండి.

---

నీళ్లక్క:

బాబు గారు చెప్పింది సగం నిజమే. 2025 వేసవి అంతా ఈబీ-2 ఇండియా 2013 జనవరి 1 దగ్గరే కూర్చుంది, అంటే ఆ తేదీకి ముందు లైన్లో చేరినవాళ్లకే వంతు. ఏడాదికి ఉద్యోగ కోటాలో ఉండేవి లక్షా నలభై వేలు, కుటుంబాలతో కలిపి. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి పోకూడదు. ఇండియాలో పుట్టి ఈరోజు ఆ లైన్లో నిలబడితే ఎప్పుడు వస్తుందో లెక్కలు వేసుకోవడం అనవసరం.

కాకపోతే మనకి ఎన్‌ఐడబ్ల్యూ ఇచ్చేది గ్రీన్‌కార్డు కాదు, ప్రయారిటీ డేట్, క్యూలో మీ చోటు చెప్పే తేదీ. అంటే కర్చీఫ్ వేసుకోవడం అన్నమాట. ఐ-140 ఇమ్మిగ్రేషన్ వాళ్లకి అందిన రోజే మీ తేదీ. అది ఆమోదం పొందితే, రేపు మీరు ఈబీ-1లో ఇంకో ఐ-140 వేసి అదీ ఆమోదమైనప్పుడు పాత తేదీ దానికి వస్తుంది. పిటిషన్ వేసింది మీరే కాబట్టి ఉద్యోగం మారితే కంపెనీ వెనక్కి తీసుకుంటుందన్న భయం కూడా ఉండదు.

నా సంగతే చూడండి. పోస్ట్‌డాక్‌లో ఉండగా 2019లో ఎన్‌ఐడబ్ల్యూ వేశాను, నీటి శుద్ధి మెంబ్రేన్ల మీద. అప్పుడూ అందరూ దండగే అన్నారు. 2023లో ఈబీ-1ఏ ఆమోదమైంది. సరిగ్గా ఆ ఆగస్టులో ఈబీ-1 ఇండియా ధబేల్‌మని 2012కి జారిపోయింది. అక్టోబరులో 2017కి వచ్చింది, 2024 జనవరిలో 2020 సెప్టెంబరుకి. నా తేదీ 2019 కాబట్టి ఆ జనవరిలోనే ఐ-485 (గ్రీన్‌కార్డుకి చివరి దరఖాస్తు) వేయగలిగాను. నాతో పాటే ఈబీ-1ఏ వచ్చిన మా ల్యాబ్ అబ్బాయికి నాకన్నా సైటేషన్లు ఎక్కువ, పాత ఐ-140 మాత్రం లేదు. తను ఇంకా, ఏ తేదీ వాళ్లకి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ చూసుకుంటున్నాడు.

ఇక మీ ఈబీ-1ఏ. పది ప్రమాణాల్లో మూడు చూపాలి అని అందరూ చెబుతారు. మీకు పేపర్లతో ఒక ప్రమాణం, రివ్యూలతో రెండోది. మూడోది, "ఆ రంగంలో చెప్పుకోదగ్గ సొంత కృషి", గట్టిగా వాదిస్తే రావచ్చు. అక్కడితో అయిపోదు. 2010లో కజారియన్ కేసు తీర్పు తర్వాత నుంచి రెండో మెట్టు ఉంది: అన్నీ కలిపి చూస్తే ఈ మనిషి ఆ రంగంలో పైనున్న కొద్దిమందిలో ఒకరా కాదా అని చూస్తారు. పీహెచ్‌డీ కాకముందు, ఎనభై సైటేషన్లతో, అక్కడ నిలబడటం కష్టం. మీ పని చిన్నదని కాదు, ఇంకా సమయం ఉంది.

ఆ కంపెనీ ఫోన్లు ఎత్తకండి. డబ్బు కట్టిన వాళ్లందరికీ ఇచ్చే అవార్డు, ఫీజు కడితే దొరికే మెంబర్‌షిప్, రాత్రికి రాత్రి పుట్టిన వెబ్‌సైట్‌లో ఇంటర్వ్యూ: అధికారులు ఇవన్నీ చాలా చూసేశారు. పైగా అవి ఒకసారి ఫైల్లోకి ఎక్కాక, పక్కనే ఉన్న మీ నిజమైన రివ్యూలని కూడా అనుమానంగా చూస్తారు.

ఎన్‌ఐడబ్ల్యూకి మాత్రం మీ దగ్గర సరుకుంది. మాస్టర్స్ ఉంది కాబట్టి ఈబీ-2 అర్హతకి ఇబ్బంది లేదు. ఆపైన చూసేది 2016 డిసెంబరులో వచ్చిన ధనాసర్ అనే కేసు నిర్ణయం ప్రకారం మూడు విషయాలు: మీరు చేయబోయే పనికి విలువా జాతీయ ప్రాముఖ్యమూ ఉందా, దాన్ని ముందుకు తీసుకెళ్లే సత్తా మీకుందా, జాబ్ ఆఫర్ షరతు సడలిస్తే దేశానికి లాభమా. ఆ నిర్ణయం ఒక్కసారి పూర్తిగా చదవండి, పెద్దదేం కాదు. ఆ పిటిషనర్ హైపర్‌సోనిక్ ప్రొపల్షన్ మీద పరిశోధన చేసే ఇంజనీరు. పాఠాలు చెబుతానని కూడా రాసుకున్నాడు. ఆయన పాఠాలు విలువైనవే కానీ జాతీయ ప్రాముఖ్యం చూపించలేదన్నారు, పరిశోధన చూపించిందన్నారు. అందుకే "ప్రొఫెసర్‌నై విద్యార్థులకి బోధిస్తాను" అని మొదటి పేజీలో పెట్టకండి. చాలామంది పెడతారు.

చాలా ఫైళ్లు దెబ్బతినేది ఆ మొదటి విషయంలోనే. "వంతెనలు ముఖ్యం" అని ఇరవై పేజీలు రాస్తారు. వంతెనలు ముఖ్యమని అధికారికీ తెలుసు. ఆయన అడిగేది మీరు ఫలానా పని చేస్తే మీ ల్యాబ్ దాటి, మీ రాష్ట్రం దాటి ఏం మారుతుందని. 2021 మౌలిక వసతుల చట్టంలో వంతెనల కోసమే 27.5 బిలియన్ డాలర్ల ఫార్ములా నిధులు (లెక్క ప్రకారం రాష్ట్రాలకి పంచేవి) కేటాయించారు. ఆ డబ్బు ముందు ఏ వంతెనకి పెట్టాలో తేల్చడానికి మీ సెన్సార్ పనికొస్తుందా? అది రాయండి.

పిట్స్‌బర్గ్‌లో ఫెర్న్ హాలో వంతెన 2022 జనవరి 28న కూలింది. అదే రోజు బైడెన్ ఆ ఊరికి మౌలిక వసతుల గురించే మాట్లాడటానికి వచ్చారు. తుప్పుతో ఉక్కు పలచబడిందని, తనిఖీల్లో పదేపదే రాసినా పట్టించుకోలేదని ప్రమాదాలపై దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. మీరు దీన్ని వాడుకోవచ్చు, కానీ జాగ్రత్తగా. అది ఉక్కు వంతెన, మీది కాంక్రీటులో చువ్వలు. పైగా అక్కడ తుప్పు కనబడక కాదు, కనబడినా ఎవరూ కదల్లేదు. "నా సెన్సార్ ఉంటే అది కూలేది కాదు" అని రాశారో, ఇంజనీరింగ్ తెలియని అధికారికి కూడా అతి వాసన కొడుతుంది. తుప్పు వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు.

లెటర్ల గురించి కూడా ఒక మాట. మీ ప్రొఫెసర్ లెటర్ ఎంత గొప్పగా ఉన్నా ఆయన మీ ప్రొఫెసరే. మిమ్మల్ని ఎప్పుడూ కలవని మనిషి, మీ పేపర్ చదివి పద్ధతి వాడుకున్న మనిషి రాస్తే దాని బరువు వేరు. "ఈమె ప్రతిభావంతురాలు" అనే వాక్యాలు ఎన్నున్నా ఒకటే. "మా ప్రయోగంలో క్లోరైడ్ ఎంత లోతు దిగిందో కొలవడానికి ఈమె కాలిబ్రేషన్ పద్ధతి వాడాం, కోర్లు (కాంక్రీటును తొలిచి తీసే నమూనాలు) తీయాల్సిన పని తగ్గింది" అని ఎవరైనా రాస్తే దాన్ని ఫైల్లో ముందుకి పెట్టండి. మిమ్మల్ని సైట్ చేసిన ఆ ఎనభై పేపర్లూ ఒక సాయంత్రం కూర్చుని తెరవండి. సగం వరుసలో నలుగురితో పాటు మీ పేరు పెట్టినవే ఉంటాయి. నిజంగా వాడుకున్నవాళ్లు నలుగురైదుగురు దొరుకుతారు, వాళ్లకి మెయిల్ పెట్టండి. రవాణా శాఖ ఇంజనీరు లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఇస్తే అన్నిటికన్నా మంచిది. ప్రభుత్వోద్యోగులు ఇలాంటివి రాయడానికి జంకుతారు కాబట్టి పొగడ్త అడగకండి, ఏ వంతెనలో ఎప్పటి నుంచి ఏం కొలుస్తున్నారో అంతవరకే అడగండి.

ఖర్చు: 2024 ఏప్రిల్ నుంచి ఐ-140కి 715 డాలర్లు, సొంతంగా వేసుకునేవాళ్లకి అసైలం ప్రోగ్రామ్ ఫీజు అనే అదనపు రుసుము 300. రెండూ విడివిడిగా కట్టాలి, కలిపి కడితే వెనక్కి పంపేస్తారు. కాగితం చెక్కులు ఇప్పుడు తీసుకోవడం లేదు, కార్డు ఫారమో బ్యాంకు ఖాతా ఫారమో జత చేయాలి. ప్రీమియం (త్వరగా తేల్చమని కట్టే అదనపు ఫీజు) మూడు వేలకి కాస్త తక్కువ, ఎన్‌ఐడబ్ల్యూకి 45 పని దినాల్లో ఏదో ఒకటి చెబుతారు. మీకు ప్రీమియం ఎందుకు? మామూలుగా వేసినా తేదీ అదే. అవసరమైతే మధ్యలో కట్టి మార్చుకోవచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. పేపర్ రాయడం వచ్చినవాళ్లకి ఇదీ వస్తుంది, ఓపిక ఉంటే.

మీకు పెళ్లయిందా? అయితే ఆయన ఎక్కడ పుట్టారు? ఊరికే అడగట్లేదు.

---

లైన్లో_ఉన్నాం:

అక్క స్టాంపింగ్ సంగతి వదిలేశారు, నేను చెబుతా. ఎఫ్-1 అంటే చదువయ్యాక తిరిగి వెళ్తానని చూపించాల్సిన వీసా. డీఎస్-160లో (వీసా దరఖాస్తు ఫారంలో) మీ తరఫున ఇమ్మిగ్రెంట్ పిటిషన్ ఎప్పుడైనా వేశారా అని సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. సొంతంగా వేసుకున్నదీ లెక్కలోకే వస్తుంది, అవునని పెట్టాల్సిందే. ఐ-140 ఉన్నా ఎఫ్-1 విద్యార్థి తిరిగి వెళ్లే ఉద్దేశం చూపించుకోవచ్చని 2023 డిసెంబరులో అమెరికా ఇమ్మిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ తన మాన్యువల్‌లో రాసింది. కానీ కాన్సులేట్ కిటికీ దగ్గర కూర్చునేది స్టేట్ డిపార్ట్‌మెంట్ మనిషి. 214(బీ) కాగితం (తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదని వీసా తిరస్కరించే కాగితం) చేతిలో పెడితే మీరు మాన్యువల్ చూపించి వాదించేదేం ఉండదు.

ఇక్కడే ఉంటే స్టేటస్‌కి ఏం కాదు. ఓపీటీకి (చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే అనుమతికి), సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకి ఇచ్చే స్టెమ్ ఓపీటీ 24 నెలలకి కూడా అడ్డం రాదు. చిక్కంతా దేశం దాటి కొత్త స్టాంప్ కావాల్సి వస్తేనే. వెళ్లక తప్పదంటే వెళ్లొచ్చి వేయండి. లేదా హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వచ్చాక అయితే ఈ గొడవే లేదు, దాని మీద ఉంటూ ఇక్కడే స్థిరపడే ఉద్దేశం కూడా ఉండొచ్చు. ఆ తర్వాత ఆ వీసా మామూలు గడువు ఆరేళ్లు దాటాల్సి వస్తే ఆమోదమైన మీ సొంత ఐ-140 చూపించి కంపెనీ మూడేళ్లు పొడిగింపు అడగొచ్చు. బాబు గారు టైర్ల లెక్కలో ఇది కలపలేదు.

---

ఉప్పు_తుప్పు:

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. వీసా స్టాంప్ వచ్చే ఏడాది మే దాకా ఉంది, కాబట్టి ఈ డిసెంబరులో వెళ్లొచ్చేస్తా.

పెళ్లయి రెండేళ్లయింది. మావారు పుట్టింది మస్కట్‌లో, మా మామయ్యగారు అక్కడ ఉద్యోగం చేసేవారు. పదో తరగతికి ఇండియా వచ్చేశారు. పాస్‌పోర్టు ఇండియాదే. ఇప్పుడు హెచ్-1బీ మీద ఇక్కడే పని చేస్తున్నారు. లేఆఫ్‌ల తర్వాత వాళ్ల కంపెనీ పెర్మ్‌లన్నీ (ఉద్యోగుల గ్రీన్‌కార్డు కోసం కంపెనీ మొదట వేసే దరఖాస్తులు) ఆపేసింది. మాకు దీంతో ఏమైనా తేడా వస్తుందా?

---

బఫెలో_బాబు:

మస్కట్టా!! నా మాటలన్నీ వాపస్.

---

నీళ్లక్క:

తేడానా? ఈ థ్రెడ్‌లో పైన రాసిన సగం మీకు వర్తించదు!

క్యూ పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. మీ ఆయనది ఒమన్ లెక్క. ఎన్‌ఐడబ్ల్యూ మీ పేరు మీదే ఉన్నా, భార్యాభర్తలు ఇద్దరూ కలిసి గ్రీన్‌కార్డుకి వెళ్తున్నప్పుడు మీరు ఆయన పుట్టిన దేశం లెక్కలో వెళ్లొచ్చు. దీన్ని క్రాస్ చార్జబిలిటీ అంటారు. గల్ఫ్‌లో పుట్టిన మనవాళ్లు ఎందరో ఉన్నారు, ఇండియన్ పాస్‌పోర్టు చూసుకుని చాలామంది తాము ఇండియా లైన్‌లో ఉన్నామనే అనుకుంటారు. కొందరు లాయర్లు కూడా అడగరు.

ఈబీ-2లో మిగతా దేశాల లైన్ కూడా ఎప్పుడూ ఖాళీగా ఏం ఉండదు. 2025 అక్టోబరులో 2023 డిసెంబరు 1 దగ్గర ఉండేది. అంటే రెండేళ్ల వెనక. ఇండియా లైన్ దశాబ్దానికి పైగా వెనక ఉంది, పోల్చుకోండి. మీకిక ఎన్‌ఐడబ్ల్యూ ఉట్టి కర్చీఫ్ కాదు, సీటే రావచ్చు. కాబట్టి డిసెంబరులో ఇండియా వెళ్లి, వచ్చిన వెంటనే వేసేయండి. నెలలు లెక్కే ఇక్కడ. ఆయన కంపెనీ పెర్మ్ మళ్లీ మొదలుపెడితే అదీ ఆయన లెక్కలో ఒమనే, మీరు డిపెండెంట్‌గా వెళ్తారు. రెండూ నడవనివ్వండి, ఏది ముందైతే అది.

ఇప్పుడు చేయాల్సింది: ఆయన ఒమన్ బర్త్ సర్టిఫికెట్ అసలు కాగితం ఎక్కడుందో వెతకండి. అరబిక్‌లో ఉంటే ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ల ధ్రువీకరణతో. పాస్‌పోర్టులో పుట్టిన చోటు మస్కట్ అనే ఉందా చూడండి. పేరు స్పెల్లింగ్, అమ్మానాన్నల పేర్లు అన్నిట్లో ఒకటేనా చూడండి. రెండేళ్ల తర్వాత కంగారుగా వెతకడం కన్నా ఇప్పుడు మీ అత్తగారిని బీరువా తీయమనడం నయం.

---

పోస్ట్‌డాక్_పాట్లు:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను జే-1 (ఎక్స్‌చేంజ్ వీసా) మీద పోస్ట్‌డాక్‌ని, రెండేళ్లు ఇండియా వెళ్లి ఉండాలనే 212(ఈ) స్టాంప్ ఉంది. నేనూ ఎన్‌ఐడబ్ల్యూ వేసుకోవచ్చా?

---

లైన్లో_ఉన్నాం:

ఐ-140 వేయడానికి ఆ షరతు అడ్డు కాదు. ఐ-485కీ హెచ్-1బీకీ అడ్డు. ముందు మీకు ఆ షరతు ఎందుకు పడిందో చూసుకోండి. స్కిల్స్ లిస్ట్ (సొంత దేశానికి అవసరమైన నైపుణ్యాల జాబితా) వల్లే పడి ఉంటే మీకు శుభవార్త: 2024 డిసెంబరు 9న మార్చిన జాబితాలో ఇండియా లేదు, పాతవాళ్లకి కూడా అది వర్తిస్తుంది. ఫుల్‌బ్రైట్ లాంటి ప్రభుత్వ నిధులతో వచ్చి ఉంటే మాత్రం షరతు అలాగే ఉంటుంది, వేవర్ (మినహాయింపు) అడగాల్సిందే. డీఎస్-2019 (మీ జే-1 పత్రం) బయటికి తీసి నిధులు ఎవరివని రాశారో చూడండి. కొత్త థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

---

ఉప్పు_తుప్పు:

మావారు ఇది చదివి గంట నుంచి ఇల్లంతా మహారాజులా తిరుగుతున్నారు. అత్తయ్యగారికి ఫోన్ చేశాం, సర్టిఫికెట్ ఉందట, లామినేషన్ చేయించారట.

అక్కా, చేయబోయే పని గురించి ఒక వాక్యం రాశాను, చూస్తారా? "అమెరికా వంతెనల భద్రతను మెరుగుపరచడానికి కాంక్రీటు నిర్మాణాల్లో తుప్పును గుర్తించే అధునాతన సెన్సార్ సాంకేతికతలపై దేశవ్యాప్తంగా పరిశోధన కొనసాగించడం."

---

నీళ్లక్క:

లామినేషన్ ఉన్నా స్కాన్ అవుతుంది, గాభరా పడకండి. అసలు కాగితాన్ని మాత్రం చింపి బయటికి తీయొద్దని అత్తగారికి చెప్పండి.

వాక్యం బాగోలేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. "అధునాతన", "దేశవ్యాప్తంగా", "మెరుగుపరచడం" మూడూ తీసేయండి, ఇక మిగిలిందేంటో చూడండి. దాదాపు ఏమీ లేదు కదా. మీరు రోజూ చేసే పనే రాయండి. ఇలా:

"ఉప్పు వాడే రాష్ట్రాల్లో వంతెన డెక్‌ల లోపలి చువ్వల దగ్గరికి క్లోరైడ్ చేరుతున్న వేగాన్ని, కోర్లు తీయకుండా, లోపలే అమర్చిన సెన్సార్లతో కొలిచే పద్ధతిని తయారుచేసి, ఏ డెక్‌ను ముందు బాగుచేయాలో రాష్ట్ర రవాణా శాఖలు ఆ కొలతలతో నిర్ణయించుకునేలా దాని డిజైన్‌ను, కాలిబ్రేషన్ డేటాను అందరికీ అందుబాటులో పెట్టడం."

పొడవైంది, ఫర్వాలేదు. "రాష్ట్ర రవాణా శాఖలు" అన్నచోట ఒహాయో కాకుండా ఇంకో రాష్ట్రం వాళ్లు కనీసం ఒక మెయిల్‌లో ఆసక్తి చూపించినా దాన్ని ఎగ్జిబిట్‌గా జత చేయొచ్చు. మీ ప్రొఫెసర్‌కి పక్క రాష్ట్రాల్లో ఎవరైనా తెలుసేమో సోమవారం అడగండి. డేటా అందరికీ పెడతానని రాసేముందు కూడా ఆయన్ని అడగండి, యూనివర్సిటీ పేటెంట్ వేసి ఉంటే ఆ మాట మార్చాలి.